కెమెరా ఇచ్చిన డీఎస్సీ

మా జిల్లాలో డీఎస్సీ అన్న మాటకు ఎంత బరువుందో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. టీచరు ఉద్యోగాల పరీక్షను అందరూ ఆ మాటతోనే పిలుస్తారు. టీచర్ ట్రైనింగ్ చదివిన పిల్ల ఉన్న ఇంట్లో పొద్దున పేపరు తెరిస్తే మొదట వెతికేది దాన్నే. "డీఎస్సీ పడ్డదా?" అని అడుగుతారు, వాన పడ్డదా అని అడిగినట్టు. అలాంటి చోటికి, రెండువేల దశకం మధ్యలో, తీసిన ప్రతి ఫోటోకూ డీఎస్సీ అని పేరు పెట్టుకునే కెమెరాను మోసుకొచ్చిన మనిషిని నేనే.

దుమ్ముగూడెం దాటి, గోదావరి ఒడ్డు విడిచి అడవి వైపు తిరిగే దారిలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. పుట్టి పెరిగింది ఖమ్మంలో. మా నాన్న నన్ను చిన్నప్పటి నుంచి హేతువాదుల చర్చా సభలకు వెంట తీసుకుపోయేవాడు. ఎవరు ఏం చెప్పినా 'ఎట్ల తెలుసు?' అని అడగాలని అక్కడ నేర్చుకున్నాను. గురువు చెప్పినా, పుస్తకం చెప్పినా, నాన్నే చెప్పినా. ఈ ప్రశ్న వల్ల నాకు చుట్టాల పెళ్లిళ్లకు పిలుపులు తగ్గాయి. వాళ్ల భోజనాలు వాళ్లకు మిగిలాయి, నా ప్రశ్న నాకు మిగిలింది.

కెమెరా మా సైన్సు ప్రచార బృందానిది. నోట్లోంచి లింగాలు తీసే బాబాల చేతివాటాన్ని ఫోటోల్లో పట్టడానికి కొన్నాం. రీలు అక్కర్లేదు, కడిగించే పని లేదు, వెనకాల చిన్న తెర మీద అప్పటికప్పుడు చూసుకోవచ్చు. ఫోటోలన్నీ గోరంత మెమరీ కార్డులో ఉంటాయి. మా ఊళ్లో దాన్ని 'చిప్పు' అనేవాళ్లు.

ఆ ఏడు డీఎస్సీ పడింది. సాయంత్రాలు బడి అయ్యాక చుట్టుపక్కల గూడేల నుంచి పరీక్షకు చదివే పిల్లలు నా దగ్గరికి సైన్సు, లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చేవాళ్లు. దరఖాస్తుకు పాస్‌పోర్టు ఫోటోలు కావాలి. ఫోటో కోసం భద్రాచలం పోయిరావాలంటే ఒక రోజు కూలి పోతుంది. అందుకని బడి గోడకు తెల్ల దుప్పటి కట్టి, పిల్లలను వరసగా నిలబెట్టి నేనే ఫోటోలు తీశాను.

వరసలో ఆరోది ఒక కోడలు పిల్ల. తన గూడెంలో టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసిన మొదటి మనిషి. పెళ్లయ్యాక కూడా చదువు వదలలేదు. పగలు విద్యా వలంటీరుగా చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పేది, సాయంత్రం నా దగ్గరికి వచ్చేది. ఫ్లాష్ వెలగగానే ఆమె కళ్లు మూసుకుంది. తెర మీద చూసి, "నిద్రపోయే టీచరుకు ఉద్యోగం ఇయ్యరు" అని, ఆ ఫోటోను కెమెరాలోంచే కొట్టేశాను. అప్పటికే వెనకాయన దుప్పటి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆమెను చివర్లో రమ్మన్నాను. అందరి తర్వాత మళ్లీ తీశాను. ఆ రోజు జరిగింది ఇంతే.

చిప్పును భద్రాచలంలో ఒక స్టూడియోకు ఇచ్చి నేను ఖమ్మంలో సభకు వెళ్లిపోయాను. ఫోటోలను మా అభ్యర్థుల్లో ఒకతను తీసుకొచ్చాడు. స్టూడియో వాళ్లు పాస్‌పోర్టు ఫోటోలతో పాటు ఇంకో పెద్ద కాగితం ఇచ్చారు. కార్డులో ఏమేం ఫోటోలు ఉన్నాయో ఒక్క చూపులో తెలియడానికి అన్నింటినీ తపాలా బిళ్లంత చేసి వరసగా అచ్చువేసే కాగితం అది. ప్రతి బొమ్మ కింద దాని ఫైలు పేరు ఉంటుంది. మొదటి బొమ్మ కింద డీఎస్సీ 00231 అని ఉంది. చివరి బొమ్మ కింద 00244. ఎవరి ఫోటో వాళ్లు తీసుకున్నాక ఆ కాగితాన్ని బడి ఎదురుగా ఉన్న టీ హోటలాయన గోడకు అంటించాడు, మన పిల్లలందరూ ఒక్కచోట ఉన్నారని ముచ్చటపడి.

వరసగా మొహాలు, మొహాల కింద డీఎస్సీ, పక్కన నంబరు. ఎంపికైన వాళ్ల జాబితా ఎలా ఉంటుందని ఈ జిల్లాలో ఎవరిని అడిగినా ఇలాగే ఉంటుందని చెబుతారు.

నేను ఖమ్మం నుంచి వచ్చి బస్సు దిగేసరికి హోటలాయన ఎదురొచ్చాడు. "మేడం, మీ పిల్లలు పరీక్ష రాయకముందే డీఎస్సీ కొట్టిండ్రు" అన్నాడు.

"ఎవరు చెప్పిండ్రు?"

"నా గోడ చెప్తంది. వచ్చి చూడుండ్రి."

చూసి నవ్వాను. నా అభ్యర్థులూ నవ్వారు. అది పరీక్ష పేరు కాదని, కెమెరా పెట్టుకున్న పేరని వాళ్లకు తెలుసు. తెలిసి కూడా గోడ దగ్గరికి పోయి తమ నంబరు ఇంకోసారి చూసుకుని వచ్చారు. పదిసార్లు చదివిన పుస్తకం ఇవ్వని ధైర్యాన్ని ఆ చిన్న కాగితం ఇస్తుంటే ఎవరు వదులుకుంటారు? అంతవరకు నాకు అభ్యంతరం లేదు. తగవు పర్ణశాల నుంచి వచ్చింది.

పర్ణశాలకు వచ్చే యాత్రికులకు సంఖ్యాశాస్త్రం చెప్పే మనిషి ఒకాయన ఉండేవాడు. ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. అందరూ ఆయనను నంబర్ల సారు అనేవాళ్లు. మూఢనమ్మకమంటే చదువురాని వాళ్లదని పట్నంలో ఉపన్యాసాలిచ్చే మిత్రులకు ఆయనను చూపించాలి. మా అడవి పల్లెల్లోకి వచ్చిన కొత్త రకం భయాలన్నీ ప్యాంటు వేసుకునే వచ్చాయి. ఆయన టీ తాగడానికి ఆగి, గోడ చూసి, పెన్ను తీశాడు. ఒక్కో నంబరు అంకెలు కలిపాడు. ఒకరికి రాజయోగం, ఒకరికి కొంచెం ఆలస్యం, ఒకరికి తూర్పు వైపు పోస్టింగు. తర్వాత ఆయన పెన్ను ఒకచోట ఆగింది. 235 ఉంది, 237 ఉంది. 236 లేదు.

"ఇక్కడ నిలబడ్డది ఎవరు?" అని అడిగాడు.

వరస అందరికీ గుర్తే. కోడలు పిల్ల పేరు చెప్పారు. ఆమె బొమ్మ ఎక్కడో చివర, 244 దగ్గర ఉంది.

"యంత్రానికి పక్షపాతం ఉండదు. అది ఈమెను లిస్టుల కెల్లి తీసేసింది. మీరు బలవంతం చేస్తే చివరకు వేసింది. రెండు, మూడు, ఆరు కలిపితే పదకొండు. రెండు ఒకట్లు ఎదురెదురు నిలబడ్డయ్. ఈ పిల్ల పరీక్షకు పోతే ఇల్లు రెండైతది" అన్నాడట.

ఆ మాట అన్నప్పుడు అదే హోటలు బెంచీ మీద ఆమె మామ కూర్చుని ఉన్నాడు.

పరీక్ష సరిగ్గా బీడీలు చుట్టే తునికాకు కోత రోజుల్లో పడింది. ఏడాదిలో ఆ కొద్ది రోజులే ఆకు. తెల్లవారకముందే అడవికి పోయి కోసుకొచ్చి, కట్టలు కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లానికి చేర్చాలి. ఇంట్లో ఒక్క చెయ్యి తగ్గినా ఆ ఇంటికి తెలుస్తుంది. పరీక్ష ఖమ్మంలో. పోను ఒక రోజు, రాను ఒక రోజు, మధ్యలో పరీక్ష. కోడలిని పంపాలా వద్దా అని మామ అప్పటికే లోపల నలుగుతున్నాడు. వద్దనడానికి ఆయనకు నోరు రావడం లేదు. నంబర్ల సారు ఆ నోరు ఇచ్చాడు. మర్నాడు సాయంత్రం ఆమె చదువుకోవడానికి రాలేదు.

ఇంకొకరైతే ఇంట్లో వ్యవహారం మనకెందుకని ఊరుకునేవాళ్లు. తప్పు లెక్క కళ్ల ముందు కనబడుతుంటే మర్యాద కోసం నోరు మూసుకునే శిక్షణ నాకు లేదు. కెమెరా తీసుకుని, నంబర్ల సారు టీకి ఆగే వేళ చూసుకుని హోటలుకు పోయాను. మామ కూడా ఉన్నాడు. అందరూ చూస్తుండగా పొయ్యి పక్కన పడుకున్న కుక్కకు ఫోటో తీశాను. తెర మీద పేరు చూపించాను. డీఎస్సీ 00245.

"కుక్కకు గూడ డీఎస్సీ వచ్చింది" అన్నాను.

"ఏ సబ్జెక్టు మేడం?" అని హోటలాయన.

"రాత్రి బడికి ఇయ్యుండ్రి, నిద్రపోదు" అన్నాడు ఒక ముసలాయన.

టీ గిన్నెకు తీశాను, 246. నంబర్ల సారుకే తీశాను, 247. తర్వాత టీ గిన్నె ఫోటో కొట్టేసి, ఖాళీ బెంచీకి తీశాను. బెంచీకి 248 వచ్చింది. "ఇప్పుడు చూడుండ్రి. 245 ఉంది, 247 ఉంది. 246 లేదు. ఈ టీ గిన్నెకు ఏం గండం ఉందో సారు చెప్పాలె" అన్నాను.

నవ్వులు లేచాయి. ఆయన మాత్రం తొణకలేదు. "మేడం కొట్టేసింది కాబట్టి పోయింది. నేను గాదంటలే. కానీ అంతమందిల ఆ పిల్లదే కొట్టెయ్యాలని మేడంకు ఎందుకు బుద్ధి పుట్టింది? అది అడుగుండ్రి" అన్నాడు.

"కళ్లు మూసుకుంది కాబట్టి."

"కళ్లెందుకు మూసుకోవాలె?"

"ఫ్లాష్ కొడితే మీరు మూసుకోరా?" అని 247 తెరిచి అందరికీ తిప్పాను. ఆయన రెండు కళ్లూ గట్టిగా మూతపడి ఉన్నాయి. ముసలాయన తెరను దగ్గరికి లాక్కుని, "సారు ధ్యానంల ఉన్నడు" అన్నాడు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. రిజల్టు నాడు చూద్దాం" అని నంబర్ల సారు గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు.

మామ నవ్వలేదు. ఆయన నన్ను ఎగతాళి చేయలేదు, నంబర్ల సారును వెనకేసుకురాలేదు. లేచి తన దారిన పోయాడు. అందుకని మర్నాడు ఆదివారం, నేనే ఆ గూడేనికి నడిచి వెళ్లాను.

వాకిట్లో మామ తునికాకు కట్టలు కట్టడానికి నార చీలుస్తున్నాడు. అత్త మంచం వాల్చింది. కోడలు నీళ్లిచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది. నేను నిన్నటి మాటే మళ్లీ చెప్పాను. ఆయన విని, "టీచరమ్మా, నువ్వు కొట్టేసినవ్, బొమ్మ పోయింది. అది నాకు సమజైంది. నంబర్ ఎటువాయె? రేషన్ దుకాణం కాడ లైన్ల నుంచి ఒకడు పక్కకు పోతే యెనకోడు ముంగటికి జరుగుతడు. 237 వచ్చి 236 ల నిలబడాలె గదా. ఎందుకు నిలబడలే?" అని అడిగాడు.

నాకు ఆ ప్రశ్న నచ్చింది. నంబర్ల సారు ముందు కూర్చున్న వాళ్లెవరూ ఆ మాట అడగలేదు. ఎట్ల తెలుసు అన్న నా పాత ప్రశ్నకు అది చెల్లెలు.

నాకు తెలిసినంత చెప్పాను. ఫోటో తీసిన క్షణంలోనే కెమెరా దానికి పేరు పెట్టేస్తుంది. డీఎస్సీ అన్న అక్షరాలకు ఇంగ్లీషులో డిజిటల్ స్టిల్ కెమెరా అని అర్థం. ఇంకో కంపెనీ కెమెరా అయితే ఇంకో అక్షరాలు వేస్తుంది. పాత కంప్యూటర్లు ఎనిమిది గుర్తులకు మించిన పేరు చదవలేకపోయేవి, అందుకని అక్షరాలూ అంకెలూ కలిపి ఎనిమిదే. ఏ కంప్యూటర్లో పెట్టినా, ఏ స్టూడియోకు ఇచ్చినా ఫోటోలు దొరకాలని కంపెనీలన్నీ కలిసి ఒక పద్ధతికి ఒప్పుకున్నాయి. కార్డులో ఫోల్డరు అనే ఫలానా సంచి ఉండాలి, దాని లోపల నంబరు వేసిన చిన్న సంచులు ఉండాలి, ఫోటోలు వాటిలో ఉండాలి. చివరి నాలుగు అంకెల లెక్క తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది దాకా పోయి మళ్లీ ఒకటికి వస్తుంది. మధ్యలో ఒకటి పోతే దాని నంబరును వెనకదానికి ఇవ్వదు. ఇస్తే అన్ని ఫోటోల పేర్లూ మార్చాలి. నిన్న 237 అని నేను రాసుకున్న ఫోటో ఇవాళ 236 అయితే ఏది ఎవరిదో తెలియదు. అందుకని పోయినదాని చోటు అలాగే ఖాళీగా ఉంటుంది.

మామ నార చీలుస్తూనే ఉన్నాడు. సంచులు, ఎనిమిది గుర్తులు ఆయనకు పట్టాయో లేదో నాకు తెలియలేదు. గడప మీద కూర్చున్న అత్త అందుకుంది.

"నాకు నలుగురు పుట్టిండ్రు. రెండో పిల్ల పోయింది. దీని పెనిమిటిని ఇయ్యాల్టికీ మూడోడనే పిలుస్తం. రెండోడు కాలే గదా" అంది.

మామ ఒకసారి ఆమె వైపు చూసి, మళ్లీ నార వైపు చూశాడు. "చూద్దాం" అన్నాడు. మా వైపు చూద్దాం అంటే అవునని కాదు, కాదని కాదు. ఆకు కోతలోకి దిగేదాకా నానబెట్టడం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఇంటికి వాళ్ల వేల్పు ఉంది, కొలుపు ఉంది. నేను దాన్నీ నమ్మను, ఆ సంగతి వాళ్ల ముఖం మీదే చెప్పాను, వాళ్లు నన్ను తిట్టి అన్నం పెట్టారు. అది వేరే రోజు తగవు. వాళ్ల వేల్పు ఏనాడూ ఆడపిల్ల పరీక్షను ఆపలేదు. ఆపింది కూడికలు వచ్చిన మనిషి.

తిరిగి వస్తుంటే హోటలాయన ఆపాడు. మంచి మనిషి, కోడలు పిల్ల పరీక్ష రాయాలని నిజంగానే ఆయన కోరిక. గొంతు తగ్గించి, "మేడం, నేనొక లెక్క చేసిన. పిల్ల నంబర్ ఇప్పుడు 244. రెండు, నాలుగు, నాలుగు కలిపితే పది. పదిల ఒకటి, సున్నా, అంటే ఒకటి. నంబర్ల సారు పుస్తకంల ఒకటంటే రాజయోగం. ఆయన చివరిది లెక్క కాదని దాటేసిండు గానీ, మీరు పోయి గట్టిగ చెప్పుండ్రి. పిల్ల మామ రేపే బస్సు ఎక్కిస్తడు" అన్నాడు.

లెక్క సరిగ్గానే ఉంది. రాజయోగం ఉన్న నంబరును నంబర్ల సారు కావాలనే దాటేశాడు. ఒక్క అబద్ధం, అదీ ఆయన పుస్తకంలోదే, చెబితే పిల్ల పరీక్ష రాస్తుంది. ఏళ్లపాటు మూఢనమ్మకాలను వేదికల మీద దంచిన మనిషిని, ఆ రాత్రి నేను ఆ మాటను చాలాసేపు అటూ ఇటూ తిప్పాను. పరీక్ష ముఖ్యమా, నా సిద్ధాంతం ముఖ్యమా? తేల్చుకోలేక, మర్నాడు వలంటీరు బడి దగ్గర ఆమెనే అడిగాను.

ఆమె పిల్లల పలకలు సర్దుతోంది. తల ఎత్తకుండానే, "ఒద్దు మేడం" అంది.

"పరీక్ష పోతది."

"ఇయ్యాల నంబర్ మంచిదని పంపుతడు. రేపు పోస్టింగ్ వచ్చిన ఊరి నంబర్ మంచిది గాదంటే ఆపుతడు. ఎల్లుండి పిల్ల పుట్టిన తేదీ మంచిది గాదంటడు. నేను ఎన్నిటికి మంచి నంబర్లు తేవాలె?" అంది. తర్వాత పలకలు పక్కన పెట్టి, "మా మామతోని నేను మాట్లాడుత. మీరు రాకుండ్రి" అంది.

ఏం మాట్లాడిందో నాకు తెలియదు. ఇంటి లోపలి మాటలు బయటికి రాలేదు. వచ్చే బుధవారం తెల్లారి మొదటి బస్సుకు ఖమ్మం పోయే అభ్యర్థులందరినీ స్టేజీ దగ్గరికి రమ్మన్నాను, రాత్రి మా చెల్లెలి ఇంట్లో పడుకోవడానికి ఏర్పాటు చేశాను. ఆమెకూ అదే మాట పంపాను. అంతకు మించి నేను చేయగలిగింది లేదు.

ఆ ఏడు ఆమెకు ఉద్యోగం రాలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి ఎక్కడ చెప్పినా "చివరికి ఉద్యోగం వచ్చిందా?" అని అడిగేవాళ్లు ఉంటారు. వచ్చిందంటే నా వాదన గెలిచినట్టు, రాలేదంటే నంబర్ల సారు గెలిచినట్టు లెక్కవేస్తారు. అలా లెక్కవేసే వాళ్లు ఆయన శిష్యులే, నా సభలకు వచ్చి చప్పట్లు కొట్టినా సరే. ఆమె పరీక్ష రాసింది, కొన్ని జవాబులు సరిగ్గా రాసింది, కొన్ని తప్పు రాసింది, ఆమె కంటే ఎక్కువ సరిగ్గా రాసినవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. 236 ఆమెకు ఏమీ చేయలేదు, 244 కూడా ఏమీ చేయలేదు. రాజయోగం నంబర్లు వచ్చిన మిగతా వాళ్లలోనూ ఎవరికీ రాలేదు. రిజల్టు నాడు నంబర్ల సారు హోటలుకు వచ్చి "చెప్పిన గదా" అన్నప్పుడు ఆ రాజయోగాలు ఏమయ్యాయని అడిగినదాన్ని నేనొక్కదాన్నే. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. నేను ఇప్పటికీ అడుగుతున్నాను.

ఆ బుధవారం పొద్దున స్టేజీ దగ్గర అభ్యర్థులు ఒక్కొక్కరే వచ్చారు. బస్సు వేళ అవుతుండగా అడవి దారిలో ఇద్దరు కనిపించారు. ముందు కోడలు, సంచి భుజాన. నాలుగడుగుల వెనక మామ, అడవికి పోయే బట్టల్లో, నడుముకు నార చుట్టుకుని. ఆపడానికి వచ్చాడా, పంపడానికి వచ్చాడా తెలియలేదు.

స్టేజీ దగ్గర ఆయన అందరూ వినేలాగే అడిగాడు. "ఇంత దూరం పోయి, ఇంత ఆకు ఇడిసి, కొలువు రాకపోతే?"

"రాకపోతే నాకు రాలే మామా. మల్ల రాస్త" అంది ఆమె. "పోకపోతే మాత్రం కెమెరా ఆపిందని ఊరంత అంటది. కెమెరా నన్నాపలే. నువ్వు ఆపితే నువ్వు ఆపినవని చెప్పు, ఆగుత. దాని మీద పెట్టకు."

మామ నన్ను చూశాడు, అభ్యర్థులను చూశాడు. జీవితంలో వాదనకు అవకాశం వచ్చి నేను నోరు తెరవని కొద్ది సందర్భాల్లో అదొకటి. బస్సు వచ్చి ఆగింది. అందరూ ఎక్కుతున్నారు. ఆమె కింద అలాగే నిలబడి ఉంది, జవాబు వినేదాకా ఎక్కనన్నట్టు. కండక్టరు తలుపు మీద కొట్టి, "జల్దీ అమ్మా" అన్నాడు.

మామ నడుము నుంచి నార ఊడిపోతుంటే బిగించుకున్నాడు. "శుక్రారం పొద్దుగూకేసరికి రా" అన్నాడు. "ఆకు ఆగదు."

ఆమె బస్సు ఎక్కింది. ఆయన బస్సు కదిలేదాకా ఆగకుండా అడవి వైపు తిరిగి నడిచాడు.